వాళ్ళకి పెన్షనెందుకట!

2024 సెప్టెంబరులో సియాటిల్ చుట్టుపక్కల బోయింగ్ మెషినిస్టులు 33 వేలమంది సమ్మెకి దిగినప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాల నోట నేను విన్నవన్నీ కలిపి రుబ్బితే తేలే సారం ఇదీ: "నాలుగేళ్ళలో 25 శాతం పెంచుతామంటే వద్దన్నారట. పైగా పెన్షను కావాలట! మనకుందా పెన్షను? వాళ్ళకెందుకట?" లంచ్ టేబుల్ దగ్గరా ఇదే పాట, ఆదివారం పాట్‌లక్కుల్లోనూ ఇదే పాట. సమ్మె ముగిసి చాన్నాళ్ళయినా పాట మాత్రం ఆగలేదు. ఆ కాంట్రాక్టు మళ్ళీ 2028లో ముగుస్తుంది, అప్పుడింకా పెద్ద గొంతుతో వినబడుతుంది. అందుకే ఇప్పుడే నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటున్నా.

ముందు ఆ "మనకుందా" సంగతి తేల్చుకుందాం. అయ్యా, మనకి లేకపోవచ్చు. మన ఇళ్ళలో ఉంది. ఇక్కడికొచ్చిన మనలో ఎంతమంది అమ్మానాన్నలు టీచర్లూ, బ్యాంకు ఉద్యోగులూ, రైల్వేవాళ్ళూ, కరెంటాఫీసువాళ్ళూ కాదు? మా నాన్న హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. ఒకటో తారీఖుకి పెన్షను పడుతుంది, ఏడాదికోసారి తను బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇస్తారు, డి.ఎ. పెరిగిందంటే పేపర్లో మొదట ఆ వార్తే చదువుతారు. ఆ పెన్షనే లేకపోతే నేను ఇక్కడ ఇల్లు కొనేవాణ్ణి కాదు, ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపుతూ ఉండేవాణ్ణి. అంటే మన అమెరికా జీతాలు మన దగ్గరే మిగలడానికి ఒక కారణం మన నాన్నల పెన్షను. ఆ చెట్టు నీడన పెరిగి, పక్కింటివాడు చెట్టు అడిగితే "ఈ రోజుల్లో చెట్లెవరు పెంచుతున్నారండీ" అంటే ఎలా?

(మన ప్రభుత్వ పెన్షన్ల కథ వేరు, ఒప్పుకుంటాను. అక్కడ పక్కన దాచిన నిధంటూ ఏమీ లేదు, ఏ ఏటికాయేడు ఖజానాలోంచి ఇస్తారు. కేంద్రం 2004 జనవరి నుంచీ, ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు నుంచీ కొత్తగా చేరేవాళ్ళకి అది ఆపేసి మార్కెట్‌కి ముడిపెట్టిన పథకంలోకి తోసేశాయి. తర్వాత ఇరవయ్యేళ్ళు ఉద్యోగ సంఘాలు గోల పెడితే, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి పాతికేళ్ళ సర్వీసుకి ఆఖరి ఏడాది సగటు మూలవేతనంలో సగం గ్యారంటీ అంటూ ఇంకో పథకం తెచ్చింది. దీని గురించి రాయాలంటే వేరే టపా కావాలి. ఇక్కడితో వదిలేస్తున్నా.)

అసలు మెషినిస్టుల పెన్షనంటే ఏంటో, ఎంతో చూద్దాం. ఎందుకంటే "పెన్షను" అనగానే మనవాళ్ళకి కాలు మీద కాలేసుకుని తినే రాజభోగం కళ్ళముందు మెదుల్తోంది. 2024 సమ్మె నాటికి బోయింగ్ లో కనీస లెక్క ఏంటంటే, చేసిన ప్రతి ఏడాది సర్వీసుకీ నెలకి 95 డాలర్లు. ముప్ఫయ్యేళ్ళు రివెట్లు కొడితే నెలకి 2,850. సియాటిల్ దరిదాపుల్లో అద్దెకీ మందులకీ సరిపోతే గొప్ప. దానికి సోషల్ సెక్యూరిటీ కలుపుకుంటే ముసలాయన, ముసలావిడ పరువుగా బతుకుతారు. రాజభోగం అంతే!

ఇదెవరి డబ్బు? కంపెనీ దయతో ఇచ్చేదా? కాదు. ప్రతి మూడునాలుగేళ్ళకీ కాంట్రాక్టు బేరం జరిగినప్పుడు యూనియన్ వాళ్ళు "గంటకి ఇంత తక్కువిచ్చినా సరే, పెన్షను ఇంత పెంచు" అని ఒప్పుకుంటూ వచ్చారు. అంటే అది వాళ్ళు తీసుకోకుండా కంపెనీ దగ్గర ఉంచిన జీతం. వాయిదా వేసుకున్న జీతం. మన భాషలో చెప్పాలంటే వెస్ట్ కావలసిన షేర్లు. నాలుగేళ్ళ వెస్టింగ్‌లో మూడో ఏడు కంపెనీ వచ్చి "మార్కెట్ బాలేదు, మిగతావి ఇవ్వలేం" అంటే మనం ఊరుకుంటామా? లింక్డ్‌ఇన్ బద్దలైపోదూ!

పోనీ 401కె ఉందిగా, అదే నయం కదా, మన డబ్బు మన చేతిలో ఉంటుంది అంటారు. దీనికి ఇంజనీరుగానే జవాబు చెబుతా. వందమంది రిటైరయ్యారనుకోండి. కొందరు డెబ్భైకే పోతారు, కొందరు తొంభై అయిదు దాకా ఉంటారు. ఎవరెవరో ముందు తెలీదు. పెన్షను నిధయితే సగటు ఆయుష్షుకి సరిపడా డబ్బు దాస్తే చాలు. ఎవరికి వారే దాచుకోవాలంటే ప్రతివాడూ తొంభై అయిదేళ్ళకి దాచుకోవాలి, లేదా ఎనభై రెండో ఏట డబ్బైపోయి కొడుకింటికి పోవాలి. ప్రతి అప్లికేషనుకీ విడివిడిగా దాని పీక్ లోడుకి తగ్గ సర్వర్లు కొనడం దండగని, అందరికీ కలిపి ఒక పూల్ పెట్టాలని పొద్దస్తమానం డిజైన్ రివ్యూల్లో ఉపన్యాసాలిచ్చే మనమే, రిటైర్మెంట్ దగ్గరికొచ్చేసరికి "ఎవరి సర్వర్ వాళ్ళదే" అంటున్నాం. ఇక రిటైరయ్యే ఏడాదే 2008 లాంటిది వస్తే? ఆ ఒక్క ఏడాదిలో ఎస్ అండ్ పి సూచీ మూడోవంతుకి పైగా పడింది. పెన్షనున్నవాడికి ఆ బాధ కంపెనీది. 401కె వాడికి తనది. తేడా అంతా ఇక్కడే ఉంది. పెన్షన్లు తీసేసి 401కెలు పెట్టినవాళ్ళకీ ఈ విషయం బాగా తెలుసు, అందుకే తీసేశారు.

ఇప్పుడు అసలు కథ. ఇది తెలీకుండా 2024 సమ్మె అర్థం కాదు.

2013 నవంబరు. మెషినిస్టుల యూనియన్ (డిస్ట్రిక్ట్ 751) కాంట్రాక్టు ఇంకా 2016 దాకా ఉంది. గడువు దగ్గర పడలేదు, సమ్మె మాటే లేదు. అయినా బోయింగ్ వచ్చి, కొత్త విమానం 777ఎక్స్ ఇక్కడే తయారు చెయ్యాలంటే కాంట్రాక్టుని 2024 దాకా పొడిగించాలి, పెన్షను వదులుకోవాలి అంది. వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి మరీ 2040 దాకా లెక్కేస్తే 8.7 బిలియన్ డాలర్ల పన్ను రాయితీ చదివించుకుంది. నవంబరు 13న మెషినిస్టులు ఓటేశారు. 67 శాతం మంది పొమ్మన్నారు.

కంపెనీ ఏం చేసింది? "మా ఫ్యాక్టరీకి ఎవరేమిస్తారు?" అని దేశమంతా వేలం పెట్టింది. 22 రాష్ట్రాలు ఎగబడ్డాయి. 2009లో 787 రెండో లైనుని యూనియన్ లేని సౌత్ కరోలినాకి పట్టుకుపోయిన కంపెనీ ఇది, కాబట్టి బెదిరింపు ఉత్తుత్తిది అనుకోడానికి లేదు. గవర్నరు మొదలుకుని రాజకీయ నాయకులందరూ కార్మికుల మీద పడ్డారు. రెండో ఆఫర్ని స్థానిక యూనియన్ నాయకత్వం ఓటుకి పెట్టనంది. వాళ్ళ మీదున్న జాతీయ కార్యాలయం పెట్టి తీరాలని ఆర్డరేసింది. ఎప్పుడు? 2014 జనవరి 3న. క్రిస్మస్ సెలవులకి వెళ్ళినవాళ్ళు ఇంకా చాలామంది తిరిగే రాలేదు. ఫలితం 51-49. సుమారు 600 ఓట్ల తేడా.

ఆ 51 శాతం దేనికి ఒప్పుకున్నారు? 2016 అక్టోబరు తర్వాత పెన్షను పెరగదు. అప్పటిదాకా సంపాదించింది ఎంతో అంతే. తర్వాత చేరేవాళ్ళకి అదీ లేదు. జీతం రెండేళ్ళకోసారి ఒక్క శాతం, ధరల భత్యం వేరే. చేతిలో పెట్టింది 10 వేల డాలర్లు, 2020లో ఇంకో 5 వేలు. పదేళ్ళ దాకా సమ్మె చేసే హక్కు లేదు.

రెండు నెలలు తిరిగేసరికి, అంటే 2014 మార్చిలో, యూనియన్ లేని 68 వేలమంది ఉద్యోగుల పెన్షను కూడా ఫ్రీజ్ చేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. వాళ్ళని ఓటు కూడా అడగలేదు. అన్నట్టు బోయింగ్ ఇంజనీర్లకీ యూనియనుంది, అందులో సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు 2013 మొదట్లోనే కొత్తగా చేరేవాళ్ళకి పెన్షను లేకపోయినా ఫర్లేదని ఒప్పేసుకున్నారు. తమది ఉంటుంది కదా, రాబోయేవాడిది పోతే మనకేం అనుకున్నారు కాబోలు. 2016 కాంట్రాక్టులో తమదీ ఫ్రీజయింది. రంపం పట్టుకున్నవాడు చెట్టు ఏ కొమ్మ దగ్గర ఆపుతాడో తెలీదు మరి.

ఆ 2014 వేసవిలోనే అప్పటి సీఈవో మెక్‌నెర్నీని రిటైరవుతారా అని అడిగితే, ఇంకా నా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఉద్యోగులు భయంతో ముడుచుకునే ఉంటారు అన్న అర్థం వచ్చేలా జోకేశాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడనుకోండి. జోకు బాలేదని కాదు, అది జోకు కాదని అందరికీ తెలిసినందుకు.

సరే, 777ఎక్స్ కోసమే కదా ఇంత త్యాగం. ఆ విమానం ఏమైందో? 2020లో మొదటిది డెలివరీ అన్నారు. వాయిదా మీద వాయిదా పడి, 2025 అక్టోబరులో 2027కి జరిపారు. మన ప్రాజెక్టులు నయం. ఇక కంపెనీకి డబ్బు లేక పెన్షను తీసిందనుకునేవాళ్ళకి ఒకే అంకె చెబుతా. 2013 నుంచి 2019 దాకా బోయింగ్ తన షేర్లు తనే కొనుక్కోడానికి ఖర్చు పెట్టింది 43 బిలియన్ డాలర్లు. పెన్షన్లకి లేని డబ్బు దీనికెక్కణ్ణుంచి వచ్చిందీ అని ఎవడూ అడగడు. మెషినిస్టుని మాత్రం "కంపెనీ నష్టాల్లో ఉంటే నీకు పెన్షనేంటి" అని నిలదీస్తాం.

"అదంతా సరేగానీ గురూ, పెన్షన్ ఫండ్లన్నీ లోటులో ఉన్నాయి, అండర్‌ఫండెడ్, లెక్కలు కుదరవు" అనే మేధావులు కొందరుంటారు. వీళ్ళతో నాకు పేచీ లేదు, ఎందుకంటే లోటు నిజంగానే ఉండేది. ఆ లోటు ఎలా పుట్టిందో చెప్పకపోవడంతోనే నా పేచీ.

లోటంటే ఏంటి? ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఇవ్వాల్సిన 100 డాలర్లకి ఇవాళ ఎంత పక్కన పెట్టాలి అన్నది ప్రశ్న. ఏటా 8 శాతం వడ్డీ వస్తుందనుకుంటే 10 డాలర్లు చాలు. 4 శాతమే అనుకుంటే 31 డాలర్లు కావాలి. ఇవ్వాల్సిందీ అదే వంద, తీసుకునేదీ అదే మనిషి. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క అంకె మారిస్తే అప్పు మూడింతలు! 2008 తర్వాత వడ్డీలు నేలకి దిగినప్పుడు అమెరికాలో పెన్షన్ల "సంక్షోభం" పుట్టడానికి మార్కెట్ పతనం ఒక కారణమైతే ఇదింకో పెద్ద కారణం. కంపెనీలు వెళ్ళి మొరపెట్టుకుంటే 2012లో కాంగ్రెస్ చట్టం చేసి, ఇప్పటి వడ్డీ కాకుండా పాతికేళ్ళ సగటుకి దగ్గరగా ఉండే వడ్డీతో లెక్కేసుకోవచ్చంది. దాంతో కట్టాల్సిన డబ్బు తగ్గింది. అంటే డబ్బు కట్టేటప్పుడు ఒక లెక్క, కార్మికుడి ముందు ఏడ్చేటప్పుడు ఇంకో లెక్క. 2022 తర్వాత వడ్డీలు పెరిగాయి కదా, చాలా పెద్ద కంపెనీల పెన్షన్ నిధులు లోటు పోయి మిగుల్లోకొచ్చాయి. మరి ఆ మిగులు చూసి "రండి బాబూ, పెన్షను మళ్ళీ తెరిచాం" అన్నవాళ్ళెంతమంది?

ఒకరున్నారు. వినండి, ఇది మనవాళ్ళు తప్పకుండా వినాలి. ఐబీఎం. తన పెన్షనుని 2007 ఆఖరుకి ఫ్రీజ్ చేసిన ఐబీఎం, 2024 జనవరి నుంచి అమెరికాలో 401కె మ్యాచింగ్ ఆపేసి, జీతంలో 5 శాతం పెన్షన్ ప్లాను కింద జమ చెయ్యడం మొదలెట్టింది. కార్మికుల మీద ప్రేమతోనా? ఆ పాత నిధిలో మిగులుంది, మ్యాచింగ్ కింద చేతినుంచి డబ్బు కట్టే పని తప్పుతుంది. పాతకాలపు పెన్షనుతో పోలిస్తే ఇది నీళ్ళ మజ్జిగే, కాదన్ను. కానీ పెన్షను ప్లానన్నది ఈ రోజుల్లో అసంభవం అని కదా వాదన? కంపెనీకి లాభమైతే సంభవమే.

మిగులు సంగతొచ్చింది కాబట్టి ఇంకో పాత కథ. 1980ల్లో వడ్డీలు ఎక్కువగా ఉండి పెన్షన్ నిధులు పొంగి పొర్లాయి. కాలిఫోర్నియాలో పసిఫిక్ లంబర్ అనే కలప కంపెనీని హర్విట్జ్ అనే ఫైనాన్సు ఘనుడు అప్పులు చేసి కొన్నాడు. కొనగానే పెన్షన్ ప్లాను రద్దు చేసి, అందులోంచి 50 మిలియన్లకి పైగా మిగులు తీసుకుని, కార్మికులకి ఎగ్జిక్యూటివ్ లైఫ్ అనే బీమా కంపెనీ పాలసీలు చేతిలో పెట్టాడు. ఆ బీమా కంపెనీ 1991లో కూలింది. ఇలాంటివి అప్పట్లో చాలా జరిగాయి. గమనించారా? నిధిలో మిగులుంటే అది షేర్‌హోల్డర్లది. లోటుంటే కార్మికులది. ఇదేం భాగస్వామ్యమో నాకర్థం కాదు.

ఇంకా వెనక్కెళితే స్టూడీబేకర్ ఉంది. 1963 డిసెంబరులో ఆ కార్ల కంపెనీ సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు అరవై దాటినవాళ్ళకి పూర్తి పెన్షను దక్కింది. నలభై నుంచి అరవై మధ్యవాళ్ళు నాలుగువేల మందికి రావలసినదాంట్లో 15 శాతం వచ్చింది. నలభై లోపువాళ్ళకి సున్నా. ఆ దెబ్బతో పదకొండేళ్ళు నలిగి నలిగి 1974లో ఇరిసా చట్టం వచ్చింది, పెన్షన్లకి పీబీజీసీ అనే బీమా సంస్థ వచ్చింది. వచ్చాక ఏమైంది? కంపెనీలు దివాలా కోర్టుకెళ్ళి లోటుని ఆ సంస్థ నెత్తిన పడెయ్యడం నేర్చుకున్నాయి. 2005లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 9.8 బిలియన్ల లోటున్న పెన్షన్లు అలాగే వదిలించుకుంది. బీమా హామీకి లోబడింది అందులో 6.6 బిలియన్లు. మిగతాది పైలట్లూ మెకానిక్కులూ మర్చిపోవాల్సిందే. ఎయిర్‌లైన్ మాత్రం ఇవాళ్టికీ ఎగురుతోంది.

అయితే యూనియన్ల తప్పే లేదా అంటే, ఉంది. ఇక్కడ టీమ్‌స్టర్ల సెంట్రల్ స్టేట్స్ ఫండ్ గురించి చెప్పకపోతే అన్యాయం. ఇది ఒక్క కంపెనీది కాదు. వందల ట్రక్కింగ్ కంపెనీలు ఒకే నిధికి కడతాయి, యూనియనూ యాజమాన్యాలూ కలిసి నడుపుతాయి. 1980లో ట్రక్కింగ్ మీద నియంత్రణ ఎత్తేశాక కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూతపడ్డ కంపెనీ డ్రైవర్ల పెన్షను భారం బతికున్న కంపెనీల మీద పడింది. అందరిలోకీ బలమైన యూపీఎస్ 2007లో 6.1 బిలియన్లు కట్టి బయటికి పోయింది. అలా పోడానికి కాంట్రాక్టులో ఒప్పుకున్నది యూనియనే. మరుసటేడే మార్కెట్ కూలింది. 2014లో కాంగ్రెస్ ఒక చట్టం తెచ్చి, అప్పటికే రిటైరయినవాళ్ళ పెన్షను కూడా కొయ్యచ్చంది. 2015లో సెంట్రల్ స్టేట్స్ రెండు లక్షల డెబ్భై వేలమందికి కోత ప్రతిపాదించింది, కొందరికి సగానికి సగం. డెబ్భయ్యేళ్ళ ముసలి డ్రైవర్లు ఊరూరా కమిటీలు కట్టుకుని వాషింగ్టన్ మీద పడ్డారు. 2016 మేలో ట్రెజరీ ఆ ప్లాను తిప్పికొట్టింది. చివరికి 2021 చట్టం కింద 2022 డిసెంబరులో ప్రభుత్వం సుమారు 36 బిలియన్లిచ్చి ఆ నిధిని నిలబెట్టింది.

(ఇందులో పిట్టకథ: ఆ సాయం లెక్కేసేటప్పుడు జాబితాలో 3,479 మంది చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారట! 127 మిలియన్లు ఎక్కువిచ్చారని తేలి, 2024లో నిధివాళ్ళు వెనక్కిచ్చారు. డేటా క్లీనింగ్ గొప్ప ఉద్యోగమని నేనంటే మా మేనేజరు నమ్మడు.)

"పన్ను కట్టేవాళ్ళ డబ్బు దోచిపెట్టారు" అని దీనిమీద గుండెలు బాదుకున్న మనవాళ్ళున్నారు. నిజమే, మన డబ్బే. కానీ ఆ డ్రైవర్లు ముప్ఫయ్యేళ్ళు జీతంలో కోత పెట్టుకుని కట్టించారు. నిధి మునిగితే బీమా సంస్థ ఇచ్చే గరిష్ఠం ముప్ఫయ్యేళ్ళ సర్వీసుకి ఏడాదికి 12,870 డాలర్లు. అదీ ఆ సంస్థలో డబ్బుంటే, అప్పట్లో సరిపడా లేదని అందరికీ తెలుసు. 2008లో బ్యాంకులకిచ్చినప్పుడు ఇదే గుండెలు ఇంత గట్టిగా బాదుకున్నట్టు నాకు గుర్తు లేదు.

మళ్ళీ ఎవరెట్‌కి వద్దాం. పదేళ్ళ మూతికట్టు 2024 సెప్టెంబరులో విప్పారు. యూనియన్ నాయకులు కంపెనీతో మాట్లాడి, 25 శాతం పెంపు తెచ్చి, ఇదే మంచిది ఓటెయ్యండి అన్నారు. 94.6 శాతం తిరస్కరించారు. 96 శాతం సమ్మెకి ఓటేశారు. సొంత నాయకులకే మతిపోయింది. ఎందుకలా జరిగిందో మన లంచ్ టేబుల్ వాళ్ళకి తెలీదు, "అత్యాశ" అనే ఒక్క ముక్కతో తేల్చేశారు. ఆ ఓటు 25 శాతం మీద కాదండీ. పదేళ్ళ కింద, సెలవు రోజుల్లో, బెదిరించి వేయించుకున్న ఓటు మీద. 2016 తర్వాత చేరిన కుర్రాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళ పెన్షను అమ్మేసిన రోజున వాళ్ళకి ఓటే లేదు. అసలు ఆ కంపెనీలోనే లేరు. కొందరు హైస్కూల్లో ఉన్నారు.

సమ్మె భత్యం వారానికి 250 డాలర్లు, అదీ మూడోవారం నుంచి. సెప్టెంబరు ఆఖరుకి కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ తీసేసింది. అయినా అక్టోబరు 23న 35 శాతం ఆఫర్ని 64 శాతం మంది కాదన్నారు. పెన్షను మళ్ళీ తెరిచే ప్రసక్తే లేదని కంపెనీ తెగేసి చెప్పింది. నవంబరు 4న 38 శాతం పెంపు, 12 వేల డాలర్ల బోనసు ఆఫర్ని 59 శాతం ఒప్పుకున్నారు. 53 రోజుల సమ్మె ముగిసింది. 401కెలో కంపెనీ వాటా బాగానే పెరిగింది, జీతం 8 శాతం దాకా మ్యాచింగ్, పైన ఇంకో 4 శాతం. పెన్షను మాత్రం రాలేదు. ఫ్రీజయిన పాత సర్వీసుకి ఏడాదికి 95 కాస్తా 105 అయింది.

"చూశావా, ఓడిపోయారు" అంటారా? మొదట 25 అన్నది రెండు "నో"లు చెప్పాక 38 అయింది. ఇంతకన్నా మంచి బేరం మీ యాన్యువల్ రివ్యూలో మీరెప్పుడైనా ఆడారా? అయితే ఆఖర్న కూడా కాదన్న 41 శాతం మీద నాకు గౌరవం ఎక్కువ. రెండు నెలలు జీతం లేక, క్రిస్మస్ ముందుండగా, 12 వేల డాలర్ల చెక్కు కాదనడం మాటలు కాదు. ఇక 2014లో 10 వేలు తీసుకుని ఔనన్నవాళ్ళని దోషులనలేను, మెడ మీద కత్తుంది. కానీ ఆ కత్తికి అడ్డుగా వాళ్ళు పెట్టింది తమ మెడ కాదు, రాబోయేవాడి మెడ. రెండు అంచెల కాంట్రాక్టులన్నిటి కిటుకూ ఇదే. ఓటున్నవాడికి కొంచెం మిగిల్చి, ఓటింకా రానివాడి దగ్గర అంతా తీసుకుంటారు. డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో 2007 తర్వాత చేరినవాళ్ళకి పెన్షను లేకుండా పోయిందీ ఇలాగే. 2023 సమ్మెలో వాళ్ళూ పెన్షను అడిగి, 401కెకి 10 శాతం జమతో సరిపెట్టుకున్నారు.

మా వీధి చివర ఒక మెషినిస్టున్నాడు. 2006లో చేరాడు. పదేళ్ళ సర్వీసు దగ్గర గడియారం ఆగింది, అంటే నెలకి 1,050 డాలర్లు ఖాయం. ఆయన మేనల్లుడు 2018లో చేరాడు, సున్నా. ఇద్దరూ ఒకే షిఫ్టు, ఒకే బిల్డింగు, ఒకే కారులో వెళ్తారు. ఆ కారులో పెన్షను మాటొస్తే ఏం మాట్లాడుకుంటారని ఓసారడిగాను. రేడియో పెట్టుకుంటాం అన్నాడు.

ఇక మన గొప్పతనం. 2009లో నేను పనిచేసే కంపెనీ 401కె మ్యాచింగ్ ఆపేసింది. శుక్రవారం సాయంత్రం ఒక మెయిలొచ్చింది, మూడు పేరాలు, మొదటి పేరాలో మమ్మల్ని కుటుంబం అన్నారు. ఓటు లేదు, ఆఫరు లేదు, 51-49 లేదు. మేమేం చేశాం? ఒకడు "ఉద్యోగం ఉంది, సంతోషం" అన్నాడు. ఇంకొకడు ఆ మెయిలుకి థ్యాంక్స్ అని రిప్లై కొట్టాడు, అదీ రిప్లై ఆల్! మళ్ళీ మ్యాచింగ్ మొదలవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ డబ్బు ఎప్పటికీ రాలేదు, ఎవరూ అడగలేదు. ఇలాంటి మనం, మూడుసార్లు ఓటేసి, రెండుసార్లు కాదని, 53 రోజులు వానలో పీపాలో మంటేసుకుని కూర్చున్నవాళ్ళకి ఆర్థికశాస్త్రం చెబుతున్నాం.

2028 ఏప్రిల్ ఆఖరుకి డెట్రాయిట్ కాంట్రాక్టులు ముగుస్తాయి, ఆ సెప్టెంబరులో బోయింగ్‌ది. రెండుచోట్లా పెన్షను మాట బల్ల మీదకి రాక తప్పదు. అప్పుడు లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా "వాళ్ళకెందుకట" అని మొదలెడితే, ముందు వాళ్ళ నాన్నగారికి పెన్షనెంతొస్తుందో అడుగుదామనుకుంటున్నా.